అల్ట్రాసోనిక్ పెడితే లోహం మెత్తబడుతుందన్నారు, నా మెషీన్ మీద మాత్రం ఏ తేడా లేదు

తీగల_సుబ్బు
గాజులమండ్యంలో చిన్న షెడ్డు నాది. స్టెయిన్‌లెస్ తీగ లాగుతాం. 304 గ్రేడు, ఎక్కువగా 2 మిల్లీమీటర్ల నుంచి 1.8కి, అక్కడి నుంచి కిందికి. ఆరు నెలల కిందట ఒకాయన వచ్చి, డైకి, అంటే తీగని దూర్చి లాగి సన్నం చేసే చిల్లు దిమ్మకి, అల్ట్రాసోనిక్ కంపనం (చెవికి అందనంత వేగంగా ఊగే శబ్దం) తగిలిస్తే లోహం మెత్తబడిపోతుంది, లాగే బలం మూడో వంతు తగ్గుతుంది, తీగ తెగడమే ఉండదు అని చెప్పాడు. నేనేమీ గుడ్డిగా నమ్మలేదు. వాళ్ల ఊరికి పోయి డెమో చూసొచ్చా. స్విచ్ నొక్కగానే మీటర్లో అంకె టక్కున పడింది, ఆపగానే మళ్లీ లేచింది. నేనే నాలుగుసార్లు నొక్కి చూశా. అప్పు చేసి కొన్నా. బిగించి మూడు వారాలైంది. మోటారు ఆంప్స్ పెట్టకముందు 6.2, పెట్టాక 6.2. తీగ అప్పుడూ తెగేది, ఇప్పుడూ తెగుతోంది. మారిందల్లా మా షెడ్డు కుక్క ఒక్కటే. స్విచ్ వేస్తే గేటు దాటి పారిపోతోంది. ఇది మోసమా, లేక నాకే వాడటం రాలేదా? తెలిసినవాళ్లు చెప్పండి.

కొర్లగుంట_కుర్రోడు
మోసమే అన్నా. శబ్దానికి ఇనుము మెత్తబడితే బస్టాండు ముందర హారన్లకి ఈపాటికి బస్సులన్నీ కారిపోయుండాలి.

సౌండ్‌సెట్_బాబు
కుక్క పారిపోతోందంటే మెషీన్ పనిచేస్తోందనే. 20 కిలోహెర్ట్జ్ మన చెవికి అందదు, కుక్క చెవికి బ్రహ్మాండంగా అందుతుంది. సుబ్బన్న షెడ్డులో నిజం చెప్పే మీటరు అదొక్కటే.

చిత్తూరు_లేత్
ఇది వేడి మహిమ తప్ప ఇంకేం కాదు. కంపనం వల్ల డై వేడెక్కుతుంది, వేడికి లోహం మెత్తబడుతుంది. దానికి అల్ట్రాసోనిక్ అని పేరు పెట్టి లక్షలు గుంజుతున్నారు. ఒక బర్నరు పెట్టుకుంటే సరిపోయేది.

పాత_మెటలర్జీ
లేత్ గారూ, వేడి అయితే స్విచ్ ఆపగానే పోదు కదా. సుబ్బు ఏం రాశాడో మళ్లీ చూడండి: నొక్కగానే పడింది, ఆపగానే లేచింది. వేడెక్కిన ఇనుము అంత మర్యాదగా ఉండదు, చల్లారడానికి టైము తీసుకుంటుంది.

ఇది కొత్త సంగతి కాదు, మోసపు సంగతీ కాదు. 1955లో బ్లాహా, లాంగెనెకర్ అనే ఇద్దరు ఆస్ట్రియాలో జింకు సింగిల్ క్రిస్టల్‌ని, అంటే అణువులన్నీ ఒకే వరసలో ఉన్న ముక్కని, లాగుతూ, మధ్యలో అల్ట్రాసౌండ్ పెట్టి చూశారు. లాగడానికి కావాల్సిన బలం ఒక్కసారిగా పడిపోయింది. ఆపగానే దాదాపు పాత దారిలోకే వచ్చింది. దాన్ని ఇప్పటికీ బ్లాహా ఎఫెక్ట్ అంటారు, అకౌస్టోప్లాస్టిక్ ఎఫెక్ట్ అని ఇంకో పేరు. తర్వాత లాంగెనెకర్ అల్యూమినియం మీద కూడా చేసి, 1966లో పెద్ద వ్యాసం రాశాడు. అందులో ఎక్కువమంది చెప్పుకునే మాట ఒకటుంది: వేడితో వచ్చేంత మెత్తదనం తేవడానికి అల్ట్రాసౌండ్‌కి కోటి రెట్లు తక్కువ శక్తి చాలు అని. ఆయన లెక్కలో కారణం ఏంటంటే, వేడి లోహంలోని అణువులన్నింటికీ సమానంగా పంచుకుపోతుంది, అల్ట్రాసౌండ్ మాత్రం లోపాలు ఉన్న చోటికి, అంటే డిస్‌లొకేషన్ల దగ్గరికి నేరుగా పోతుంది.

ఎఫెక్ట్ ఉంది. నీ మెషీన్ మీద ఎందుకు కనపడలేదనేది వేరే ప్రశ్న.

చిత్తూరు_లేత్
కోటి రెట్లు తక్కువైతే గోడకున్న మీటరు తిరగకూడదే. సుబ్బు మెషీన్‌లో కంపనానికి కరెంటు ఇచ్చే జనరేటర్ ఎన్ని వాట్లు?

తీగల_సుబ్బు
2 కిలోవాట్లు. మీటరు బాగానే తిరుగుతోంది లెండి.

పాత_మెటలర్జీ
ఆ పోటు న్యాయమైనదే. కోటి అనే లెక్క లోహం లోపలికి చేరిన శక్తిది. దారిలో హార్న్ (కంపనాన్ని డై దాకా మోసే లోహపు కడ్డీ) తిన్నది, బిగింపు తిన్నది, డై తిన్నది అందులో లేదు. పేపర్లో ఉన్న అంకెని కరెంటు బిల్లుకి అంటగట్టడం అమ్మేవాళ్లకి అలవాటు.

కొర్లగుంట_కుర్రోడు
డిస్‌లొకేషన్ అంటే ఎముక జారడం కాదా సార్?

యేర్పేడు_స్కాలర్
ఇక్కడ ఐఐటీలో ఇలాంటి వాటి మీదే తల బద్దలు కొట్టుకుంటున్నా కాబట్టి నేను చెప్తా. తిరుమల క్యూ లైన్ గుర్తు చేసుకో. లైన్‌లో వెయ్యిమంది ఉన్నారు. ముందు ఒకడు అడుగేశాడు. వెంటనే వెయ్యిమందీ కలిసి కదలరు. వాడి వెనక ఒక ఖాళీ పడుతుంది, వెనకోడు దాంట్లోకి వస్తాడు, ఖాళీ వాడి వెనక్కి పోతుంది. అలా ఆ ఒక్క ఖాళీ చివరిదాకా పాకుతుంది. మొత్తం లైన్‌ని ఒకేసారి తోయాలంటే ఏనుగు కావాలి, ఖాళీ పాకడానికి ఒక్కడి అడుగు చాలు. లోహంలో అణువుల వరస కూడా ఇలాగే జరుగుతుంది. ఆ పాకే ఖాళీ లాంటిదే డిస్‌లొకేషన్. తీగ సాగిందంటే ఇవి కోట్లకొద్దీ పాకాయని.

ఇప్పుడు లైన్ మధ్యలో ఒకాయన సంచి మీద కూర్చుని నిద్రపోయాడనుకో. ఖాళీ అక్కడ ఆగిపోతుంది. లోహంలో ఆ సంచి ఆసామి ఇంకో డిస్‌లొకేషన్ కావచ్చు, గ్రెయిన్ అంచు (లోహంలో ఒక చిన్న స్ఫటికం ముగిసే చోటు) కావచ్చు, కార్బన్ లాంటి అణువు కావచ్చు. అల్ట్రాసౌండ్ పెడితే సెకనుకి 20,000 సార్లు ఆ చోటుని ముందుకీ వెనక్కీ కుదుపుతున్నట్టు. ఆగిన ఖాళీ ఏదో ఒక కుదుపులో దాటేస్తుంది.

వైకుంఠం_వెయిటింగ్
సంచి మీద కూర్చున్నది నేనే. చంటిపిల్లతో పధ్నాలుగు గంటలు నిలబడితే తెలుస్తుంది. నన్ను కుదపొద్దు.

యేర్పేడు_స్కాలర్
క్షమించండి సామీ, పోలిక కోసం.

పాత_మెటలర్జీ
స్కాలర్ చెప్పింది బాగుంది కానీ సగమే. రెండో కథ ఉంది, నా ఓటు ఎక్కువగా దానికే. 1957లో నెవిల్, బ్రాట్జెన్ అనేవాళ్లు మెత్తటి ఉక్కు తీగ మీద చేశారు. 15 నుంచి 80 కిలోహెర్ట్జ్ దాకా ఫ్రీక్వెన్సీ మార్చినా, టెంపరేచర్ మార్చినా, బలం తగ్గడంలో పెద్ద తేడా లేదు. ఎంత ఎత్తున కంపిస్తే అంత తగ్గింది, అంతే. అంటే లోహం లోపల ఏ మంత్రమూ జరగక్కర్లేదు. మామూలు కూడికే. నువ్వు లాగే బలానికి కంపనం బలం ఒకసారి కలుస్తుంది, ఒకసారి తీసివేత అవుతుంది. కలిసిన క్షణంలో లోహం సాగుతుంది, తీసివేత క్షణంలో ఊరుకుంటుంది. లోడ్ సెల్, అంటే బలం కొలిచే మీటరు, సెకనుకి ఇరవై వేల మార్పుల్ని పట్టుకోలేదు, సగటు చూపిస్తుంది. సగటు తగ్గింది కాబట్టి లోహం మెత్తబడింది అని మనం రాసుకుంటాం. లోహానికి తగిలిన గరిష్ఠ బలం మాత్రం అప్పుడూ అదే, ఇప్పుడూ అదే.

పెద్ద బీరువాని ఒక్క తోపుకి కదపలేం, ఊపి ఊపి జరుపుతాం. బీరువా బరువు తగ్గిందా?

యేర్పేడు_స్కాలర్
సార్, కూడిక అన్నింటినీ చెప్పేయదు. కూడిక లెక్కలో రావాల్సిన తగ్గుదల కన్నా కొలిచింది ఎక్కువ వచ్చిన సందర్భాలు చానా ఉన్నాయి. పైగా కంపనం ఆపాక కూడా లోహం పాత స్థితికి అచ్చంగా రాదు. అల్యూమినియం కొంచెం గట్టిపడి మిగలడం, రాగి కొంచెం మెత్తగా మిగలడం రిపోర్ట్ చేశారు. మైక్రోస్కోప్ కింద చూస్తే డిస్‌లొకేషన్లు సర్దుకుని సబ్‌గ్రెయిన్లు (గ్రెయిన్ లోపలే చిన్న గదులు) ఏర్పడ్డం కూడా కనిపించింది. ఒట్టి సగటు లెక్క అయితే లోపల ఆనవాలు మిగలకూడదు కదా.

పాత_మెటలర్జీ
ఒప్పుకుంటా, రెండూ ఉంటాయి. ఎవరి వాటా ఎంత అనే దగ్గరే డెబ్బయ్యేళ్లుగా కొట్టుకుంటున్నారు. మనిద్దరం ఇక్కడ తేల్చేది కాదు. సుబ్బు తీగ సంగతి చూద్దాం.

కంచరి_మనవడు
మా తాత రాగి చెంబులు కొట్టేవాడు. కొంతసేపు కొట్టాక సుత్తి కింద శబ్దం మారేది. ముందు దబ్ దబ్ అనేది కాస్తా టంగ్ టంగ్ అని ఎదురు తిరిగేది. అప్పుడు "మొండికేసింది" అని పక్కన పెట్టి, పొయ్యిలో ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచేవాడు. మళ్లీ మైనంలా వంగేది. ఇంకా కొడితే అంచు చీలిపోయేది. ఒక చెంబుకి నాలుగైదుసార్లు పొయ్యి. నా ప్రశ్న: ఈ అల్ట్రాసోనిక్‌తో పొయ్యి మానేయొచ్చా? బొగ్గు ధర మీకు తెలీనిది కాదు.

యేర్పేడు_స్కాలర్
మీ తాత చెవికి నా దండం. మొండికేయడం అంటే డిస్‌లొకేషన్లు ఒకదాని మీద ఒకటి పడి, దారులన్నీ మూసుకుపోవడం. ఎర్రగా కాలిస్తే పాత గ్రెయిన్లు పోయి కొత్తవి పుడతాయి, లైన్ ఖాళీ అవుతుంది. అది ఆరాక కూడా నిలిచే మెత్తదనం. అల్ట్రాసౌండ్ మెత్తదనం ముఖ్యంగా స్విచ్ ఆన్‌లో ఉన్నంతసేపే. కాబట్టి పొయ్యి మానలేరు. సుత్తి దెబ్బకి కంపనం తోడైతే పొయ్యికి పోయే సార్లు కాస్త తగ్గొచ్చేమో, అంతకు మించి ఆశ పెట్టుకోవద్దు.

చిత్తూరు_లేత్
అదే నేను మొదట్నుంచీ అంటున్నా, చివరికి పొయ్యే దిక్కు.

మైక్రోస్కోప్_అక్క
ఎఫెక్ట్ ఉందా లేదా అని అడిగేవాళ్లకి నా అనుభవం. బెంగళూరులో ఆరేళ్లు చిప్ ప్యాకేజింగ్‌లో చేశా, ఇప్పుడు రేణిగుంట వైపు బ్యాటరీ పని. మీ ఫోన్లో, బండి మీటర్లో ఉన్న చిప్పుల్లో లోపలి తీగలు చాలావరకు అల్ట్రాసోనిక్‌తోనే అతికించినవి. 25 మైక్రాన్ల బంగారు తీగ, తల వెంట్రుకలో మూడో వంతు మందం. దాని కొసని నిప్పురవ్వతో చిన్న బంతిలా చేసి, చిప్పు మీది ప్యాడ్ (తీగ అతికే చిన్న లోహపు చదరం) మీద నొక్కి, ఒక్క చిటికె అల్ట్రాసోనిక్ ఇస్తాం. మైక్రోస్కోప్‌లో చూస్తే ఆ బంతి ఇడ్లీలా చప్పబడి కూర్చుంటుంది. కంపనం లేకుండా ఒట్టి వేడితో, ఒత్తిడితో చేయాలంటే 300 డిగ్రీల పైన కావాలి. కంపనం ఉంటే 150 దగ్గరే పనైపోతుంది. లేత్ అన్న బర్నరు పెడితే చిప్పు గోవిందా.

అయితే ఎక్కువ ఇస్తే శిక్ష కూడా ఉంది. ప్యాడ్ కింద సిలికాన్ గుంట పడి పగులుతుంది. రాగి తీగకి మారినప్పుడు మాకు నరకం కనపడింది. రాగి గట్టిది, గట్టిగా నొక్కాలి, నొక్కితే ప్యాడ్ మీది అల్యూమినియం చుట్టూ పక్కలకి చిమ్ముకొచ్చేది. ఒక నెలంతా నైట్ షిఫ్టులో పవర్‌ని కొంచెం కొంచెం మారుస్తూ కూర్చున్నా. మెత్తబడటం నిజం అక్కయ్యా అని లోహమే నాకు రాసిచ్చింది.

తీగల_సుబ్బు
అక్కా, నా తీగ వెంట్రుక కాదు, 2 మిల్లీమీటర్లు. అదేమన్నా కారణమా?

మైక్రోస్కోప్_అక్క
మందం కన్నా ముందు ఇంకోటి అడుగుతా. మా బంతి కదలదు, నిలబడి దెబ్బ తింటుంది. నీ తీగ పరిగెత్తుతోంది. ఎంత వేగం?

తీగల_సుబ్బు
నిమిషానికి 180 మీటర్లు.

పాత_మెటలర్జీ
హా, దొరికింది. డెమోలో ఎంత?

తీగల_సుబ్బు
అది చిన్న టేబుల్ మీద సార్. చేత్తో తిప్పే చక్రం. నిమిషానికి ఐదారు మీటర్లు ఉంటుందేమో.

పాత_మెటలర్జీ
మెషీన్‌తో ఇచ్చిన పేపర్లో కంపనం ఎత్తు ఎంత రాశారు?

తీగల_సుబ్బు
10 మైక్రాన్లు. 20 కిలోహెర్ట్జ్.

పాత_మెటలర్జీ
కాగితం తీసుకో. 20 కిలోహెర్ట్జ్ అంటే ఒక్క ఊపుకి 50 మైక్రోసెకన్లు. ఆ ఊపులో డై 10 మైక్రాన్లు ఇటు, 10 అటు, మొత్తం 20 మైక్రాన్ల మేర ఊగుతుంది. డెమోలో తీగ నిమిషానికి 6 మీటర్లు, అంటే ఆ 50 మైక్రోసెకన్లలో తీగ జరిగింది 5 మైక్రాన్లు. డై తీగని దాటి ముందుకు పోయి, వెనక్కి వచ్చి, మళ్లీ దాటింది. డై తీగ కన్నా వేగంగా ముందుకు పోయే క్షణాల్లో రాపిడి తీగని వెనక్కి లాగదు, ముందుకే తోస్తుంది. ముందుకు తోసింది, వెనక్కి లాగింది చాలావరకు చెల్లుకు చెల్లు.

నీ షెడ్డులో? 180 మీటర్లు అంటే సెకనుకి 3 మీటర్లు. ఒక్క ఊపులో తీగ 150 మైక్రాన్లు పోతోంది. 20 మైక్రాన్లు ఊగే డైకి తీగని అందుకునే సత్తా ఎక్కడిది? ఎక్స్‌ప్రెస్ రైలు పక్కన ముసలాయన చేతికర్రతో ముందుకీ వెనక్కీ నడుస్తున్నట్టు.

డై అందుకోగల అత్యధిక వేగం, 2 పై గుణించు ఫ్రీక్వెన్సీ గుణించు కంపనం ఎత్తు. నీ అంకెలకి సెకనుకి 1.25 మీటర్లు, నిమిషానికి 75 మీటర్లు. అది దాటావంటే రాపిడి తిరగబడటం అనేదే లేదు. 75 కన్నా కొంచెం తక్కువలో పోయినా లాభం కొద్దిగానే. బాగా తగ్గాలంటే అందులో పదో వంతు, ఐదో వంతు వేగంలో లాగాలి.

కొర్లగుంట_కుర్రోడు
ముసలాయన పోలికకి నా వంద మార్కులు.

తీగల_సుబ్బు
నిమిషానికి 10 మీటర్లు లాగితే నేను రోజంతా ఒక కాయిల్ లాగి, సాయంత్రం కపిలతీర్థం మెట్ల మీద అడుక్కోవాలి సార్.

మామిడి_తాండ్ర
దామలచెరువు మండీలో క్రేటు నింపేటప్పుడు కుదుపుతారు, ఇంకో నాలుగు కాయలు పడతాయి. లారీలో పోతూ కుదిపితే అన్నీ చచ్చుకాయలే. మీరు చెప్పేదీ అదే అనుకుంటా.

యేర్పేడు_స్కాలర్
దాదాపు. ఇంకో అనుమానం సుబ్బన్నా. డెమోలో లాగింది ఏ తీగ?

తీగల_సుబ్బు
తెల్లగా ఉండింది... ఇప్పుడు ఆలోచిస్తే అల్యూమినియం. మీటర్లో 7 కిలోలు 4.5కి పడింది. నా 304కి ఈ సైజులో 65, 70 కిలోలు పడుతుంది. అయ్యో.

యేర్పేడు_స్కాలర్
అదీ సంగతి. సార్ చెప్పిన కూడిక లెక్కే వేద్దాం. 10 మైక్రాన్ల నిలబడ్డ అలకి ఉక్కులో వచ్చే స్ట్రెస్ సుమారు 50 మెగాపాస్కల్, అల్యూమినియంలో 17, 18. బాగా ఎనీల్ చేసిన, అంటే కాల్చి మెత్తబరిచిన, అల్యూమినియం 30 దగ్గరే సాగడం మొదలుపెడుతుంది. అంటే కంపనం ఒక్కటే సగం పని చేసిపెడుతుంది. నీ స్టెయిన్‌లెస్ ఎనీల్ చేసినా 200 పైమాటే, ఒకట్రెండు పాసులు లాగాక ఎన్ని వందలో నీకే తెలుసు. దాని ముందు 50 ఎంత? అబద్ధం చెప్పలేదు వాళ్లు. ఎక్కడ నిజమో అక్కడ మాత్రమే చూపించారు.

చిత్తూరు_లేత్
దాన్నే మా ఊళ్లో మోసం అంటారు.

సౌండ్‌సెట్_బాబు
నేనొకటి అడగొచ్చా. ఎత్తు పెంచితే వేగం హద్దు పెరుగుతుంది కదా? నాకు స్పీకర్ అయితే వాల్యూమ్ పెంచేస్తా.

యేర్పేడు_స్కాలర్
పెరుగుతుంది. ట్రాన్స్‌డ్యూసర్‌కి (కరెంటుని కంపనంగా మార్చేది), హార్న్‌కి మధ్య ఎత్తు పెంచే బూస్టర్ ముక్క మార్చి 20, 25 మైక్రాన్లు తేవచ్చు. సెకనుకి 3 మీటర్లు అందుకోవడానికే 24 మైక్రాన్లు కావాలి, అది కూడా గడప దాకా రావడమే, లోపలికి రావడం కాదు. ఎత్తు రెండింతలైతే శక్తి నాలుగింతలు. 2 కిలోవాట్ల జనరేటర్ చేతులెత్తేస్తుంది, లేదా హార్న్ పగులుతుంది, లేదా కార్బైడ్ డై దాని కేసులోంచి వదులవుతుంది. మూడూ చూశా.

గుప్తశక్తి_గురు
ఇదంతా మన పూర్వీకులకి తెలుసు. ఓంకారం ఫ్రీక్వెన్సీకి రాయి కూడా కరుగుతుంది. గుడి గంట పంచలోహంతో ఎందుకు చేస్తారనుకుంటున్నారు?

కంచరి_మనవడు
గంటలు పోసిన వంశం మాది సామీ. గంట కరిగేది కొలిమిలోనే.

వేదిక_కాపలా
గురుగారూ, ఆధ్యాత్మికం విభాగం వేరే ఉంది. ఇక్కడ తీగ లాగుతున్నారు.

చిత్తూరు_లేత్
సుబ్బూ, నిన్ను తిట్టడం లేదు గానీ మోటారు ఆంప్స్ చూసి తేల్చేయడం కూడా తప్పే. అందులో గేర్‌బాక్సు, బెల్టు, తీగ చుట్టుకునే బ్లాకు అన్నీ కలిసుంటాయి. డై దగ్గర పది శాతం తగ్గినా 6.2లో ఏం కనపడుతుంది? ముందు హార్న్ సరిగ్గా ఊగుతోందా చూడు. కొసన నీటి చుక్క వెయ్. పొగమంచులా చిమ్మాలి.

తీగల_సుబ్బు
వేశా. చిమ్మడం లేదు. చుక్క వణుకుతోంది, అంతే.

యేర్పేడు_స్కాలర్
అయితే ఊగడమే లేదు! ఏదైనా మార్చావా? డై హోల్డర్?

తీగల_సుబ్బు
వాళ్లిచ్చిన హోల్డర్‌లో నా డై పట్టలేదు. మా మిస్త్రీ ఇంకోటి తిప్పించాడు. కొంచెం లావు.

చిత్తూరు_లేత్
మిస్త్రీలు లావు చేయకుండా ఉండలేరు. నేనూ అంతే.

యేర్పేడు_స్కాలర్
హార్న్ అంటే ఒక రకంగా వీణ తీగే అన్నా. 20 కిలోహెర్ట్జ్‌కి లోహంలో సగం అల పొడవు సుమారు పన్నెండున్నర సెంటీమీటర్లు. ఆ పొడవుకి, ఆ బరువుకి శ్రుతి చేసి ఉంటుంది. కొసన బరువు పెంచితే శ్రుతి కిందికి జారుతుంది, జనరేటర్ దాన్ని వెతుక్కుంటూ తిప్పలు పడుతుంది. రెండోది బిగింపు. హార్న్‌లో కదలని గీత ఒకటి ఉంటుంది, నోడ్ అంటారు. బిగిస్తే అక్కడే బిగించాలి. ఒక్క సెంటీమీటరు పక్కకి పోయినా కంపనమంతా ఫ్రేములోకి పోతుంది.

ఆ గీత దొరకాలంటే పనిముట్లేమీ అక్కర్లేదు. నీ దగ్గర తీగకి పూసే సబ్బు పొడి ఉంది కదా? హార్న్ పడుకోబెట్టి పైన పల్చగా చల్లు. తక్కువ పవర్‌లో ఒక్క సెకను ఆన్ చెయ్. చేత్తో మాత్రం తాకొద్దు, చర్మం కాలుతుంది. చెవులకి మఫ్స్ పెట్టుకో, వినపడకపోయినా చెవికి చేటే.

తీగల_సుబ్బు
(రెండు రోజుల తర్వాత)
చేశా. చూడటానికి భలే ఉంది. పొడి రెండు వైపుల నుంచీ చీమల్లా పరిగెత్తుకుంటూ వచ్చి, మధ్యలో ఒక సన్నటి తెల్ల గీతలా ఆగిపోయింది. ముగ్గు గీసినట్టు. మా బిగింపు బోల్టులు ఆ గీతకి రెండు సెంటీమీటర్ల అవతల ఉన్నాయి. ఫ్రేము ఎందుకు గీపెడుతోందా అనుకునేవాణ్ణి, ఇదన్నమాట.

బిగింపు జరిపాం. హోల్డర్ని లేత్ మీద సన్నగా తీయించి, బరువు పాతదానికి సరిచేశాం. ఇప్పుడు నీటి చుక్క వేస్తే ఉఫ్ మని పొగ. మిస్త్రీ సెల్‌ఫోన్ తీసి వీడియో పట్టాడు, పని మాత్రం పట్టలేదు.

పాత_మెటలర్జీ
శభాష్. ఇప్పుడు బలం కొలువు. ఆంప్స్ వద్దు.

తీగల_సుబ్బు
వించి ఒకటి తెచ్చి, గట్టి స్ప్రింగ్ కాటా మధ్యలో పెట్టి, చేత్తో తిప్పించాం. అదే 304, అదే 2 నుంచి 1.8. కంపనం లేకుండా 68 కిలోలు. ఆన్ చేస్తే 57. ఆపితే మళ్లీ 68. ఐదుసార్లు చేశాం, ఒకటీ అరా తేడాతో అంతే వచ్చింది. మెషీన్ మీద 180 మీటర్ల దగ్గర పెట్టి చూశా, బిగింపు సరిచేశాక కూడా తేడా తెలియలేదు. వేగం తగ్గించి 20 మీటర్లకి తెచ్చాక తీగ పైన మెరుపు మారింది. ఎప్పుడూ పడే సన్నగీతలు బాగా తగ్గాయి. ఆ వేగంలో అర పూట నడిపితే ఒక్కసారీ తెగలేదు.

యేర్పేడు_స్కాలర్
68కి 57 అంటే పదహారు శాతం. మెల్లగా లాగినప్పుడు స్టెయిన్‌లెస్‌కి అది మంచి అంకె. అందులో ఎక్కువ భాగం రాపిడిదే అని నా పందెం. గీతలు తగ్గడం కూడా అదే చెప్తోంది. సబ్బు పొడి లోపలికి బాగా పోతోంది.

పాత_మెటలర్జీ
నా పందెం సగం సగం. స్ప్రింగ్ కాటా సగటు చూపిస్తుందని మర్చిపోకు.

కొర్లగుంట_కుర్రోడు
మళ్లీ మొదలెట్టారు ఇద్దరూ.

చిత్తూరు_లేత్
సరే, వేడి కాదని ఒప్పుకున్నా. ఐదుసార్లు ఆన్ ఆఫ్ చేస్తే ఐదుసార్లూ వెంటనే వచ్చిందంటే వేడి కాదు. కానీ లాభం ఎక్కడ?

తీగల_సుబ్బు
అదే లెక్క వేస్తున్నా. మామూలు సరుకుకి సున్నా. పెద్ద మెషీన్ మీద నుంచి తీసేశా. నాకు నెలకి ఒకట్రెండు సన్నతీగ ఆర్డర్లు వస్తాయి, స్ప్రింగులవాళ్లవి. అవి మెల్లగానే లాగాలి, తెగితే కాయిల్ మొత్తం పోతుంది, పైన గీత ఉంటే వెనక్కి పంపేస్తారు. వాటికి ఒక పాత బ్లాకుకి తగిలించి చూస్తా. అప్పు తీరడానికి అది చాలదు. అమ్మినాయనకి ఫోన్ చేస్తే సగం ధరకి వెనక్కి తీసుకుంటానన్నాడు. అల్యూమినియం తీగతో ఎందుకు చూపించావయ్యా అంటే, "మీరు ఏ తీగ అని అడగలేదు కదండీ" అన్నాడు.

చిత్తూరు_లేత్
వాడి నోటికి అల్ట్రాసోనిక్ తగిలించాలి.

మైక్రోస్కోప్_అక్క
సగం ధరకి ఇవ్వకు. 20 కిలోహెర్ట్జ్, 2 కిలోవాట్ల జనరేటర్, ట్రాన్స్‌డ్యూసర్ అంటే బ్యాటరీ సెల్ ట్యాబ్‌లు (సెల్ నుంచి కరెంటు బయటికి తెచ్చే రేకులు) అతికించడానికి పనికొస్తాయి. హార్న్ కొస ఒక్కటి మార్చుకుంటే చాలు. పల్చటి రాగి రేకులు, నికెల్ రేకులు ఒకదాని మీద ఒకటి పేర్చి అతికించే చిన్న జాబ్ వర్కులు మా వైపు దొరుకుతున్నాయి. అక్కడ లోహం పరిగెత్తదు, నిలబడే ఉంటుంది, సార్ చెప్పిన ముసలాయనకి కష్టం లేదు. నేనొచ్చి చూడొచ్చా?

తీగల_సుబ్బు
రా అక్కా, సోమవారం తప్ప ఎప్పుడైనా. సోమవారం మాకు పవర్ హాలిడే.

చిత్తూరు_లేత్
కొస మార్చాలంటే నాకు డ్రాయింగ్ పంపండి. సన్నగా తిప్పుతా, ఒట్టు.

మైక్రోస్కోప్_అక్క
బుధవారం వస్తా. అర మిల్లీమీటరు రాగి ముక్కలు, నికెల్ ముక్కలు నేనే తెస్తా. అతికింది పీకి చూస్తే రేకు చిరగాలి గానీ అతుకు ఊడకూడదు. అలా అయితే మాట్లాడుకుందాం. మఫ్స్ రెండు జతలు పెట్టు.

సౌండ్‌సెట్_బాబు
మూడు జతలు. కుక్క సంగతేంటి?

తీగల_సుబ్బు
మెషీన్ ఆపేసి రెండు రోజులైంది కదా, జనరేటర్ పెట్టె మీదే పడుకుంటోంది. బుధవారం దాకా చెప్పకండి దానికి.